బంధించినవాడి మీద జాలి పుడుతోంది: స్క్రిప్టులో ఏం మార్చాలి?

తెరచాటు:
సైకలాజికల్ థ్రిల్లర్, స్క్రిప్టు 110 పేజీలు. ప్రేమ పేరుతో ఒకమ్మాయి వెంటపడి, చివరికి ఆమెను ఇంటి కింది గదిలో బంధించినవాడి కథ. వాడి బాల్యం, ఒంటరితనం మొదటి 25 పేజీల్లోనే వచ్చేస్తాయి. చదివినవాళ్లు 60వ పేజీకల్లా ఆమె ఒప్పుకుంటే బాగుండునంటున్నారు. వాణ్ణి ఉత్త రాక్షసుణ్ణి చేయడమూ ఇష్టం లేదు. పైగా గది సీన్లే 40 నిమిషాలు, ఒకటే సెట్టు. ఎలా తీయాలి?

మూడోఅంకం:
జాలి పుట్టడం తప్పు కాదండీ, పుట్టిన చోటు తప్పు. బాల్యం ముందే తెలిస్తే వాడేం చేసినా ప్రేక్షకుడు క్షమించడానికి సిద్ధంగా ఉంటాడు. దాన్ని నిర్బంధం తర్వాతికి జరపండి. ఫ్లాష్‌బ్యాక్ వద్దు, వాడి నోటితోనే ఆమెకు చెప్పించండి. అప్పుడు ఆ కథ ఆమెను లొంగదీసే పనిముట్టు అవుతుంది. ఆమె నమ్ముతోందా, నమ్మినట్టు నటిస్తోందా అన్న ఉత్కంఠా వస్తుంది.

ఇంకో సంగతి తేల్చుకోండి. ఆమె తనను ఇప్పటికే ప్రేమిస్తోందని వాడి నమ్మకమా, లేక ప్రేమించేలా చేయగలనన్న పంతమా? మొదటిది ఎరటోమేనియా, 1921లో క్లెరాంబో అనే ఫ్రెంచి వైద్యుడు వివరించిన భ్రమ. అలాంటివాడికి ‘వద్దు’ కూడా రహస్య సంకేతంలా వినిపిస్తుంది. రెండోవాడికి ‘వద్దు’ స్పష్టంగానే వినబడుతుంది, అందుకే శిక్షిస్తాడు. రెండూ కలిపితే డైలాగులు ఒక్కో సీనులో ఒక్కోలా మాట్లాడతాయి.

తలుపు పడ్డాక ప్రతి సీనులోనూ ఆమెకు ఒక పని ఉండాలి. తాళం ఎన్ని చుట్లు తిరిగిందో వినడం, చెంచా దాచడం, ఏదైనా సరే. పట్టుబడితే మర్నాడు లైటు ఉండదు. క్షమాపణ చెప్పాక వాడు లైటు వేస్తే ఆమె థాంక్స్ చెబుతుంది. ఆ ఒక్క మాటకి ప్రేక్షకుడి కడుపులో తిప్పాలి.

నీలితెర:
దీన్ని ‘స్టాక్‌హోమ్ సిండ్రోమ్’ (బంధించినవాడి మీదే బందీకి అభిమానం పుట్టడం) అని ఒక డాక్టరు పాత్ర చేత అనిపించకండి. 1973 ఆగస్టులో స్టాక్‌హోమ్ బ్యాంకులో ఆరు రోజులు నడిచిన ఉదంతంతో వచ్చిన పేరది. మానసిక రుగ్మతల ప్రామాణిక జాబితా డీఎస్ఎంలో అది లేదు. అక్కడి బందీల్లో ఒకామె స్వీడన్ ప్రధానితో ఫోన్లో మాట్లాడింది కూడా. పోలీసులు దూసుకొస్తే తమ ప్రాణాలు పోతాయన్నది ఆమె భయం. బయటికి మెతకదనంలా కనిపించేదాని లోపల లెక్క ఉంటుంది, మీ పాత్రలోనూ ఆ లెక్క కనబడనివ్వండి.

గోడలేనిసెట్టు:
చిన్న గది కదా అని 18 ఎంఎం వైడ్ లెన్సు వేస్తే హాలులా కనిపిస్తుంది. ఊడదీయగల గోడలతో సెట్టు వేయించి, కెమెరాను గోడ అవతలికి జరిపి 50 గాని 75 గాని ఎంఎం లెన్సు పెట్టండి. వెనక గోడ ఆమె భుజాల మీదికి వచ్చేస్తుంది. సీలింగ్ కూడా వేయించండి. పైనుంచి లైటింగ్ పోతుంది గాని, ఫ్రేములో కనిపించే బల్బే ఆధారమై గది నిజమనిపిస్తుంది.

కెమెరా ఆమె కంటి ఎత్తులోనే ఉండాలి, వాడితో పాటు మెట్లెక్కి బయటికి పోకూడదు. నిద్రపోతున్న ఆమెను వాడి కంటితో చూపే షాట్ ఒక్కటున్నా ప్రేక్షకుడు వాడి పక్కన నిలబడి చూస్తున్నట్టే. వాడు పూలు తెచ్చిన సీనుకి ఆర్‌ఆర్‌లో, అంటే నేపథ్య సంగీతంలో, వయొలిన్ పడితే స్క్రిప్టులో పడ్డ కష్టమంతా పోతుంది. అక్కడ ఫ్యాన్ మోత, పైన అడుగుల చప్పుడు చాలు.

మేకప్ చార్టు షూటింగ్ వరసలో కాకుండా కథలోని రోజుల వరసలో రాయించండి. కమిలిన మచ్చ ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు మీదుగా సుమారు రెండు వారాల్లో పోతుంది.

తెరచాటు:
బాల్యం 70వ పేజీకి జరుపుతున్నాను. చేతులు కట్టే సీన్లు నాలుగున్నాయి, జాగ్రత్తలు చెప్పండి.

మూడోఅంకం:
నూలు తాడు, లాగితే ఊడే ముడి. ప్లాస్టిక్ జిప్ టై అయితే కెమెరాకి కనబడని వైపు కోసి వెల్‌క్రో అతికించాలి. మణికట్టుకీ తాడుకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. తిమ్మిరి అనగానే షాట్ మధ్యలోనైనా విప్పేయాలి, అది నరం మీద ఒత్తిడి. మొద్దుకొన కత్తెర ఒక మనిషి చేతిలో ఉండాలి, ఆ టేకులో అతనికి వేరే పని పెట్టొద్దు. నోట్లో గుడ్డ కుక్కొద్దు, పెదాల మీదుగా వదులుగా కడితే చాలు. మాటతో ఆపమని చెప్పడం కుదరదు కాబట్టి నటి చేతిలో చిన్న బంతి ఉంచండి, వదిలిందంటే కట్.

నిజమైన భయం కోసమని ఆమెకు చెప్పకుండా ఏదీ చేయకండి. అలా వచ్చిన భయం ఒక్క టేకే ఉంటుంది, రెండో యాంగిల్‌కి కలవదు. నమ్మకం పోయాక మిగతా మూడు సీన్లకీ ఆమె ఒళ్లు బిగబట్టుకునే నటిస్తుంది.