సమస్యాపూరణం: "చచ్చినట్టి వాఁడు సంత కేగె"

ప్రొద్దుటూరు పంతులు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

చచ్చినట్టి వాఁడు సంత కేగె

దీనికి ముందు మూడు పాదాలు టీవీ సీరియళ్ళకు ముడిపెట్టి రాసి పూరించాలి. ఎందుకంటారా, మొన్న మా ఇంట్లో 'కార్తీకదీపం' మీద పెద్ద పంచాయితీ జరిగింది. 2022లో అందులో నాయికా నాయకులైన వంటలక్కనూ డాక్టర్ బాబునూ కారు ప్రమాదంలో చంపేసి, పిల్లల కథ ఎత్తుకుని, అది మా ఇంట్లో ఎవరికీ ఎక్కకముందే అదే ఏడాది ఇద్దర్నీ బతికించి తెచ్చారు కదా, అప్పుడు నేను ఏడ్చిన ఏడుపు ఎవరు తిరిగిస్తారని నా బాధ, సీరియల్‌లో చావును నమ్మి ఏడ్చేవాడిది తప్పా అని మా ఆవిడ ప్రశ్న. వంటలక్కగా ప్రేమీ విశ్వనాథ్ నటన మీద మాత్రం నాకు పేచీ లేదు, మలయాళం మాతృక 'కరుతముత్తు'లోనూ ఆ పాత్ర ఆమెదే, అందుకే ఇక్కడికి వచ్చేసరికి చెయ్యి తిరిగిపోయింది.

ఇంగ్లీషు మాటలు వాడుకోండి, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడే జత), గణాలు (అక్షరాల కొలత) తప్పితే మాత్రం ఊరుకోను. "చచ్చినట్టి"ని "చచ్చినట్టు" చేసుకోవడం కుదరదు, ముందే చెబుతున్నా.

కడప అవ్వ మనవడు:

సీరియల్లులోన శివునిఁ జేరె నటుండు;
ఏడ్చె నవ్వ రేయి యెల్ల, తెల్ల
వారఁగానె చూచె వంకాయ బుట్టతో
చచ్చినట్టి వాఁడు సంత కేగె

ప్రొద్దుటూరు పంతులు:
బాగుందబ్బీ, మా ఇంటి కథే. "ఏడ్చె నవ్వ" అని చదివితే ఏడ్చిందో నవ్విందో తెలియకుండా ఉంది, కావాలని పెట్టావో తగిలిందో గానీ ఉండనీ. ఒక్క దోషం. "బుట్టతోన్" ద్రుతాంతం (చివర నకారం ఉన్నది) కదా, దాని తర్వాత చకారం జకారమై "జచ్చినట్టి" అవుతుంది, అప్పుడు సమస్యే మారిపోతుంది. "వంకాయ బుట్టెత్తి" అను, గణం సరిపోతుంది, సంధి గొడవా ఉండదు.

కడప అవ్వ మనవడు:
మార్చేశా పంతులుగారూ. ఇంతకీ పోయింది పాత్ర గదా, నటుడంటే ఎట్లా అని మా అవ్వే అడిగింది. సీరియల్ చూసేటప్పుడు మాత్రం ఆమెకు ఆ తేడా గుర్తుండదు.

గుంతకల్లు రైల్వే క్వార్టర్స్:
నాకు చచ్చినవాణ్ణి లేపడం రాదు, అందుకని ఇంకో దారి పట్టాను. 'మొగలిరేకులు' వచ్చిన రోజులవి (2008 నుంచి 2013 దాకా జెమినిలో), మాకు సరిగ్గా ఆ టైముకే కరెంటు కోత. దాన్ని తీసిన మంజులా నాయుడు సీరియళ్ళలో జనాలకు 'చక్రవాకం' ఎక్కువిష్టం, నాకు మాత్రం మొగలిరేకుల్లోని ఆర్కే నాయుడు తర్వాతే ఎవరైనా, దీని మీద వాదనకు రావద్దు.

కథకు ముడిని విప్పు ఘడియఁ బోయెఁ గరెంటు;
తిరిగి వచ్చుసరికి తెరను ముగిసె;
కూర వండలేదు, కోరిక, యాకలి
చచ్చినట్టి వాఁడు సంత కేగె

ప్రొద్దుటూరు పంతులు:
శభాష్ అమ్మా! సమస్య పాదాన్ని ముట్టుకోకుండా చావును ఆకలి మీదికి తోసేశారు, అవధానాల్లో పెద్దలు చేసే పని ఇదే. యతుల్లో ఒక్కటీ వంక పెట్టలేను. ఆకలి చచ్చినవాడికి సంతెందుకని ఎవరైనా అడగవచ్చు గానీ, కూర వండలేదన్నారు గనక పోకతప్పదు పాపం. ఆయన మీ ఆయనేనా?

గుంతకల్లు రైల్వే క్వార్టర్స్:
ఇంకెవరు. ఆర్కే నాయుడు అంటే ఆయనకు నాకంటే పిచ్చి.

పత్తికొండ కుర్రోడు:
సార్, నాకిది రెండో ఆటవెలది, తిట్టొద్దు.

వంటలక్క కథను వదలక చూచి
కంట నీరు పెట్టెఁ గాలనీలు;
డాక్టరయ్య తిరిగి టక్కున లేవఁగా
చచ్చినట్టి వాఁడు సంత కేగె

ప్రొద్దుటూరు పంతులు:
కాలనీలు కంట నీరు పెట్టడం నాకు తెగ నచ్చింది. మొదటి పాదం చివర "చూచి" సూర్యగణం, పొట్టిది, అక్కడ అంతకంటే పెద్దదైన ఇంద్రగణం పడాలి, "చూచుచు" అంటే భగణమై సరిపోతుంది. అసలు చిక్కు మూడో పాదంలో ఉంది. లేచినవాడు ఆస్పత్రికి పోవాలి గానీ సంతకెందుకు పోయినట్టు? ఆ కారణం చెప్పకపోతే సమస్య పాదం పద్యానికి అతుక్కోదు, పైగా "లేవఁగాన్" కూడా ద్రుతమే, ఇందాక చెప్పిన గొడవే మళ్ళీ.

పత్తికొండ కుర్రోడు:
"డాక్టరయ్య లేచె, టమటాలు తెమ్మంటె" అంటే? వంటలక్క పంపించింది సార్. టమాటాలో ఒక దీర్ఘాన్ని గణం కోసం తీసేశాను.

ప్రొద్దుటూరు పంతులు:
ఇప్పుడు అతికింది. వాడుకలో టమటా అనేవాళ్ళూ ఉన్నారులే, వదిలేస్తున్నా.

ఆదోని అమృతవిలాస్:
మీరంతా ఏడుపు సీరియళ్ళ చుట్టూ తిరుగుతున్నారు, ఇది నా తరఫున.

అమృత మొక్క చుక్క యానినంతనె లేచి
ఆంజనేయు మాట కలరి నవ్వి
రాత్రి సీరియళ్ళ రంపపుఁ గోతకే
చచ్చినట్టి వాఁడు సంత కేగె

2001లో జెమినిలో మొదలై 2007 దాకా వచ్చిన 'అమృతం' హాస్య సీరియల్ సంగతి, ఆంజనేయులు అందులో అమృతరావు స్నేహితుడు. అమృతరావుగా శివాజీరాజా, తర్వాత నరేష్, తర్వాత హర్షవర్ధన్, ముగ్గురు మారారు, అయినా దానికోసం పాత్రను చంపలేదు, మారితే మారాడు పోనీ అని ఇంటి ఓనరు అప్పాజీ అద్దె అడుగుతూనే ఉన్నాడు, హోటల్ సర్వర్ సర్వం ఆర్డర్లు మోస్తూనే ఉన్నాడు. ఇప్పటివాళ్ళకు నేను చెప్పేది ఇదే, మనిషిని మార్చుకోండి, చంపకండి.

ప్రొద్దుటూరు పంతులు:
ఈ వారం నా ఓటు దీనికే. అమృతం తాగితే చచ్చినవాడు లేస్తాడు, అది పురాణం, సీరియల్ పేరూ అదే, శ్లేష దానంతటదే వచ్చి కూర్చుంది. "ఆను" అనే క్రియను తాగడానికి వాడి చాలా రోజులైంది. గుంతకల్లు వారిది చమత్కారంలో ఒక మెట్టు పైనే గానీ, అభిమానం దీంట్లో ఎక్కువ.

ఆదోని అమృతవిలాస్:
మొదట గుండు హనుమంతరావు గారి మీదే రాద్దామనుకున్నా పంతులుగారూ. ఆయన 2018లో పోయారు, నేను ఇప్పటికీ రాత్రి అన్నం తింటూ ఆయన ఆంజనేయులు వేషం చూడందే నిద్రపోను. సమస్యకు అంతకంటే సరిపోయేది లేదు. కానీ "చచ్చినట్టి" అన్న మాట ఆయన మీద పెట్టడానికి చెయ్యి రాలేదు.

ప్రొద్దుటూరు పంతులు:
మంచి పని చేశారు. వచ్చే వారం కందం ఇస్తా.

పత్తికొండ కుర్రోడు:
సార్, నా టమటాలకు ఓటేమైనా?

గుంతకల్లు రైల్వే క్వార్టర్స్:
పత్తికొండ టమాటాకు ధర ఎప్పుడు పలికింది గనక, నాయనా!