కొత్త టీవీలో మొహాలన్నీ నారింజ పండులా ఉన్నాయి, ఏ సెట్టింగ్ మార్చాలి?

పర్లాకిమిడి కుర్రాడు:
పోయిన వారం 43 అంగుళాల ఫోర్‌కే టీవీ కొన్నాం. షాపులో చూస్తే కళ్లు జిగేల్‌మన్నాయి, ఇంటికొచ్చాక చూస్తే న్యూస్ చదివేవాళ్ల మొహాలు నారింజ పండులా, క్రికెట్ గ్రౌండేమో పెయింట్ డబ్బా ఒలకబోసినట్టు. సినిమా పెడితే సీరియల్‌లా జారిపోతూ కదులుతోంది. షాపాయన బరంపురం నుంచి మెకానిక్ రావాలంటున్నాడు. సెట్టింగుల్లో ఏది ముట్టుకోవాలన్నా టెన్షన్.

జయపురం మాస్టారు:
మెకానిక్ ఎందుకు బాబూ, రిమోట్ చాలు. అది వివిడ్‌లోనో డైనమిక్‌లోనో ఉండుంటుంది, షాపు లైట్ల మధ్య పక్క టీవీకంటే మెరవడానికి పెట్టే మోడ్. సినిమా మోడ్ పెట్టు, ఫిల్మ్‌మేకర్ అని ఉంటే ఇంకా మంచిది. రెండు రోజులు డల్‌గా అనిపిస్తుంది, ఓర్చుకో.
సీరియల్‌లా కదలడానికి కారణం వేరే. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మధ్యలో టీవీ సొంతంగా ఫ్రేములు కల్పించి ఇరికిస్తుంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అంటారు, ఆపెయ్.
బ్లాక్ లెవెల్‌కి (కొన్ని టీవీల్లో దీన్నే బ్రైట్‌నెస్ అంటారు) చీకటి సీన్‌లో నల్లకోటు చూసుకో, మడతలు కనబడాలి కానీ నలుపు బూడిద రంగుకి తిరగకూడదు. కాంట్రాస్ట్‌కి తెల్ల పంచె మడతలు చూడు. షార్ప్‌నెస్ బాగా తగ్గించు, అక్షరాల చుట్టూ తెల్ల గీత పోయేదాకా.

సిరొంచ అల్లుడు:
అంతా సరే, సెట్‌టాప్ బాక్సుకి ఏ వైరు పెట్టావు తమ్ముడూ? నేను మూడు నెలలు ఈ సెట్టింగులతో కుస్తీ పట్టి, చివరికి వెనక చూస్తే పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత వైరు! దాంట్లో వచ్చేది 576 లైన్ల బొమ్మ, నీ టీవీకి ఉన్నవి 2160. బాక్సు హెచ్‌డీది అయితే హెచ్‌డీఎంఐ వైరు వేసి, బాక్సు మెనూలో 1080 పెట్టు. ఎస్‌డీ (హెచ్‌డీ కాని మామూలు) ఛానెల్‌కి మాత్రం ఏ వైరూ మందు కాదు, కాస్త వెనక్కి జరిగి కూర్చోవడమే.

పర్లాకిమిడి కుర్రాడు:
పసుపు పిన్నే అన్నా 😄 వైరు మార్చి, మాస్టారు చెప్పినవీ చేశాను, రాత్రి సినిమా చూస్తే ఎంత బాగుందో. అమ్మ మాత్రం టీవీకి జ్వరమొచ్చిందేంట్రా అని, నేను బయటికెళ్లగానే మళ్లీ వివిడ్ పెట్టేస్తోంది.

జయపురం మాస్టారు:
చాలా టీవీల్లో ఒక్కో ఇన్‌పుట్‌కి సెట్టింగులు వేరుగా ఉంటాయి. బాక్సు ఉన్న ఇన్‌పుట్‌ని అమ్మగారికి వివిడ్‌లోనే వదిలెయ్, నువ్వు సినిమాలు చూసేదానికి సినిమా మోడ్ పెట్టుకో.