చీము ఆగినంక మళ్లీ ఎందుకొస్తది? సెగ గురించి అడుగుతున్న

ప్రశ్న (మెడికల్ షాపు, దేవరకొండ):
కొందరు మూత్రంల మంట, చీము అని వచ్చి "వేడి చేసింది, రెండు సిప్రో గోళీలియ్యి" అంటరు (సిప్రో అంటే సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్). తగ్గిందంటరు, నెల తిరగకముందే మళ్లొస్తరు. గోళీ పనిచేస్తలేదా? ఏం చెప్పి పంపాలె?

జవాబు (కౌన్సిలర్, నల్లగొండ):
అన్నా, వేడికి మూత్రం మండుతది గని చీము రాదు. లోపలి బట్టకు పసుపుపచ్చ మరక అంటిందంటే ఎక్కువగ సెగ (గనేరియా), లేదంటే క్లమీడియా. రెండూ లైంగికంగ కలిస్తె అంటుకునే రోగాలే. కలిసిన 2 నుంచి 7 రోజులల్ల సెగ బయటపడ్తది, క్లమీడియాకు 1 నుంచి 3 వారాలు పడ్తది. రెండూ ఒక్కసారే ఉండొచ్చు. సిప్రోకు సెగ క్రిమి మన దేశంల ఎప్పుడో మొండికేసింది. చీము పలచబడ్డా క్రిమి లోపల్నే ఉంటది.

సిప్రో ఇయ్యకుండ ప్రభుత్వ ఆసుపత్రిల సురక్షా క్లినిక్‌కు (ఇసొంటి సుఖరోగాలు చూసే కాడికి) పంపుండ్రి. డాక్టరు చూసి సాధారణంగ బూడిద రంగు కిట్ ఇస్తరు: అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, రెండూ ఒకే మోతాదు. గంటలోపల వాంతి అయితే మళ్లీ పోయి చెప్పాలె.

అసలు చిక్కు ఇంట్ల ఉంటది. ఆయన మందు మింగుతడు, ఆమెకు పడది. ఆడవాళ్లల్ల చానామందికి ఏ లక్షణం ఉండది, కాని లోపల గర్భసంచి గొట్టాలు దెబ్బతిని పిల్లలు కాకపోవచ్చు, గర్భం గొట్టంల నిలిచి ప్రాణం మీదికి రావొచ్చు. గత రెండు నెలలల్ల కలిసినోళ్లందరికీ వైద్యం కావాలె. అందరూ మింగినంక 7 రోజులు కలవొద్దు. ఆమెకు చెప్పే ధైర్యం లేదంటే ఇద్దర్నీ పంపుండ్రి, ఎవరితోని వాళ్లకు విడిగ మాట్లాడుతం.

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్, మహబూబ్‌నగర్):
పరీక్షకు ముందు గంట, రెండు గంటలు మూత్రం పోయొద్దని చెప్పుండ్రి. పోస్తే నాళంల చీము కొట్టుకపోయి స్లైడుకు ఏం దొరకది. సెగ ఉంటే తెల్లకణాల లోపల కాఫీ గింజల లెక్క జంటజంటగ ఎర్రటి క్రిములు కనపడ్తయి. ఆడవాళ్లల్ల స్లైడు చానాసార్లు తప్పుతది, దాన్ని నమ్మి మందు ఆపొద్దు. అదే రోజు హెచ్‌ఐవీ, వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ పరీక్ష) చేయించాలె, హెచ్‌ఐవీ మళ్లీ 3 నెలలకు.

జవాబు (ఏఎన్ఎం, అచ్చంపేట):
తమ్మీ, కండోమ్ పెట్టెలు ఎండ తగిలే అద్దం వెనక పెట్టకు, రబ్బరు పాడైతది. కొబ్బరినూనె రాస్తే చినిగిపోతదని కొనేటోళ్లకు చెప్పు. తొడిగేటప్పుడు కొసను నొక్కి గాలి తీయాలె. ఒకదాని మీద ఒకటి వేస్తే రాపిడికి రెండూ చినుగుతయి.

వృషణం వాచి నొప్పి లేస్తే మాత్రం రేపటిదాకా ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రికి. అడగనీకి సిగ్గుపడేటోళ్లకు 1097 (ఎయిడ్స్ హెల్ప్‌లైన్) నంబరు ఇయ్యి, ఫోను ఉచితం.