విగ్రహమా, ఫలకమా, ఉత్త రాయా?

చిత్తూరు నుంచి ఒక మాట సందేహం. మా ఊరి స్వాతంత్ర్య సమరయోధుడి గుర్తుగా ఒక ప్రభుత్వ ఆఫీసు ఆవరణలో ఏదైనా పెడదామని అర్జీ ఇచ్చాం. గంభీరంగా ఉంటుందని 'స్మారక చిహ్నం' అని రాశాను. గుమాస్తా దాని కింద ఎర్ర గీత గీసి, "చిహ్నం అంటే ఏంది సార్? విగ్రహమా, ఫలకమా? విగ్రహమైతే ఫైలు కదల్దు" అన్నాడు.

ఆయన భయం ఊరికే కాదు. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజలు వాడుకునే ఇతర స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. వీధిదీపాల వంటివాటికే మినహాయింపు.

అసలు విగ్రహం అంటే రూపమే కాదు, యుద్ధం కూడా. 'సంధి, విగ్రహం' అన్నప్పుడు ఆ అర్థమే. కూడళ్లలో బొమ్మల కోసం జరిగే తగవులు చూస్తే రెండర్థాలూ సరిపోతాయి! ఇక కంచుతో పోసినా, ఫైబర్‌తో చేసినా 'శిలావిగ్రహం' అని రాసేవాళ్లకు ఏం చెప్పాలి?

తిరుమల గుళ్లో కృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరులు చేతులు జోడించి నిలబడిన రాగి బొమ్మలున్నాయి. ఆ చోటుకు ప్రతిమా మండపం అని పేరు. 'ప్రతిమ' మంచి మాటే, కానీ మాది మనిషి రూపం కాదు, పేరు చెక్కిన రాయి. 'శిలాఫలకం' అంటే ప్రారంభోత్సవాల్లో మంత్రిగారు తెర లాగేదే గుర్తొస్తుంది. మరి ఏం రాయాలి?

జవాబు: అన్నా, మన జిల్లాలో వీరగల్లులు ఉన్నాయి కదా. పోరులోనో, పశువుల మందను కాపాడుతూనో పోయినవాడికి నాటిన రాయి అది. మీద మనిషి బొమ్మ ఉన్నా దాన్ని విగ్రహం అనరు. కల్లు అంటే రాయే, కన్నడంలో ఇప్పటికీ అదే మాట.

జవాబు: బాగుంది తమ్ముడూ. కానీ అర్జీలో 'గల్లు' అని రాస్తే కల్లు దుకాణానికి అనుమతి అడుగుతున్నాననుకుంటారేమో!

జవాబు: సమాసాలన్నీ వదిలేయండి సార్. ఏం నాటుతారో, కొలత ఎంతో రాయండి.

జవాబు: అదే నయం. 'పేరు చెక్కిన నిలువురాయి, ఎత్తు 3 అడుగులు, ప్రహరీ పక్కన' అని రాసి సోమవారం ఇచ్చొస్తా. ఎర్ర పెన్ను మళ్లీ ఎక్కడ పడుతుందో చూద్దాం.