అనువుగాని చోట: ‘మనరాదు’నా, ‘ననరాదు’నా?

వేమన పద్యపాదం ఒకటి బుర్రలోంచి పోవడం లేదు, పెద్దలు తేల్చాలి. నేను పోకర్ అనే పేకాట టోర్నమెంట్లు ఆడతాను. చేతిలో రెండు తొమ్మిదులున్నాయి. ఫ్లాప్‌లో (అందరికీ కలిపి బల్ల మీద మొదట పరిచే మూడు ముక్కల్లో) ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఎనిమిది, డైమన్ ఏడు పడ్డాయి. సెట్, అంటే మూడు తొమ్మిదులు, తగిలింది కానీ బోర్డు (బల్ల మీది ముక్కలు) మాత్రం మహా ప్రమాదం. జాకీ-పది, పది-ఆరు, ఆరు-ఐదు, వీటిలో ఏది ఉన్నా ఎదుటివాడికి అప్పటికే స్ట్రెయిట్ (వరుసగా ఐదు ముక్కలు), అది సెట్‌ను కొడుతుంది. చేతిలో రెండు ఇస్పేట్లున్నవాడు ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) కోసం ఇంకొక్క ఇస్పేటుకు కాచుకుని ఉంటాడు. నేను బెట్ వేశాను, అవతలివాడు రైజ్ చేశాడు, అంటే పందెం పెంచాడు. అప్పుడు నోటికొచ్చిన పాదం: “అనువుగాని చోట నధికుల ననరాదు”. అంటే అలాంటి చోట బలమున్నవాళ్ల జోలికి పోవద్దని. పుస్తకంలో చూస్తే ‘మనరాదు’ అని ఉంది. అసలు పాఠం ఏది?

— ‘మనరాదు’. అధికులము + అనరాదు, ఉత్వసంధి. మేమే గొప్పవాళ్లమని చెప్పుకోకూడదని భావం. ఇందులో చర్చకేముందండీ?

— ఉంది మాస్టారూ. గణాలు విడదీసి చూడండి: అనువు | గాని | చోట | నధికుల | మనరాదు. మూడు సూర్యగణాలు, ఆపైన నలము, సలము అనే రెండు ఇంద్రగణాలు. గణం సరిగ్గా ‘మ’ ముందే తెగుతోంది. చదివేవాడు అక్కడ ఆగుతాడు, ‘అధికుల’ విడిగా వినబడుతుంది. ఆ తర్వాత ‘న’ పలికినా గణం చెడదు. యతి నాలుగో గణం మొదట్లో ఉంది కాబట్టి దానికీ ఢోకా లేదు. ఛందస్సు చూసి మాత్రం ఈ తగువు తీర్చలేం.

— నాది మూడో దారి. మను అంటే బతకడం. అలాంటి చోట అధికులు కూడా మనలేరని ఎందుకు కాకూడదు? టోర్నమెంట్‌కి ఇదే అతుకుతుంది. చిప్స్ (పందెం బిళ్లలు) అన్నీ పోతే లేచి వెళ్లిపోవడమే. బహుమతులకు కాస్త ముందు, బబుల్ దగ్గర, గెలిచే చిప్పు కంటే పోయే చిప్పు విలువ ఎక్కువ. ఎంత పెద్ద చెయ్యి ఉన్నా ముందు బతికి ఉండాలి.

— అర్థం బాగుంది కానీ దానికి ‘అధికులు’ అనాలి కదా, కొమ్ము ఎక్కడ? పైగా అధికులు మనలేరంటే తిక్కన ఊరుకోడు. విరాటపర్వం గుర్తు తెచ్చుకోండి. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజు కంకుభట్టుగా విరాటుడి కొలువులో చేరి, ఆ రాజుతోనే పాచికలాడాడు. ఎంత అనువుగాని చోటు! అక్కడే ఏడాది గడిపాడు. బృహన్నలను మెచ్చుకున్నందుకు విరాటుడు పాచికతో ముఖం మీద కొట్టి నెత్తురు కళ్లజూసినా తానెవరో చెప్పలేదు. ‘అధికులము అనరాదు’ అన్నదానికి ఇంతకంటే వ్యాఖ్యానం ఏం కావాలి?

— ఆహా! అదీ అంతకుముందు బృహదశ్వ మహర్షి నలుడి కథ చెప్పి అక్షహృదయం అనే పాచికల విద్య ఉపదేశించాక. ఆట వచ్చినవాడు అణిగి ఉండటం వేరు, రానివాడు అణిగి ఉండటం వేరు. ఆ ఘట్టం మళ్లీ మళ్లీ చదవాలి.

— తిక్కన మీద మీకున్న ప్రేమే నాకూ ఉంది. కానీ పోకర్ సంగతి వదిలేస్తున్నారు. ‘కొంచెముండుటెల్ల’ అని సెట్‌ను దాచిపెట్టడం పొడి బోర్డు (స్ట్రెయిట్‌కీ ఫ్లష్‌కీ పెద్దగా వీలు లేనిది) మీద చెల్లుతుంది. ఇలాంటి తడి బోర్డు మీద ఊరుకుంటే ఫ్లష్ డ్రా ఉన్నవాడికి (ఫ్లష్‌కు ఒక్క ముక్క తక్కువైనవాడికి) తర్వాతి ముక్క ఉచితంగా ఇచ్చినట్టే. ముందు బెట్ వేయడం సరే. రైజ్ వచ్చాకే అసలు ఆలోచన. ఎదుట స్ట్రెయిట్ ఉందనే అనుకుందాం. టర్న్‌లో (నాలుగో ముక్కకు) ఏడు ముక్కలు, అప్పుడు తప్పితే రివర్‌లో (ఐదో ముక్కకు) పది ముక్కలు మనల్ని స్ట్రెయిట్‌ను కొట్టే ఫుల్ హౌస్‌కో (మూడు ఒక రకం, రెండు ఇంకో రకం) నాలుగు తొమ్మిదులకో చేరుస్తాయి. మొత్తం మీద 100కి సుమారు 35. ఫోల్డ్ చేసేంత (ముక్కలు పడేసేంత) చిన్న చెయ్యి కాదు. అలాగని బబుల్ దగ్గర, మనల్ని ఇంటికి పంపగల స్టాక్ (చిప్పుల కుప్ప) ఎదురుగా ఉన్నప్పుడు, ఎగబడి ఆల్-ఇన్ (ఉన్నదంతా పెట్టేస్తా) అనేదీ కాదు. కాల్ చేసి (ఆ పందేనికి సరిపడా మాత్రం పెట్టి) టర్న్ చూడటమే నా లెక్కలో కొంచెముండటం.

— మూడో పాదంతో తేలిపోతుందిగా. “కొండ యద్దమందు కొంచమై యుండదా”. కొండ ఎవరు? తగ్గి ఉన్నవాడు, అంటే మనమే. మరి ‘న’ పాఠంలో కొండను ఎక్కడ పెడతారు?

— పోస్టు పెట్టింది నేనే. ఎదుటివాణ్నే కొండ అనుకోవచ్చు కదండీ. రైజ్ చిన్నదిగా కనబడుతుంది, వెనకాల స్ట్రెయిట్ ఉంటుంది. అధికుణ్ని అనవద్దనడానికి అదే కారణం. నాకిప్పటికీ ‘న’లోనే బలం కనిపిస్తోంది.

— అలాగైతే ‘కొంచెముండుటెల్ల కొదువ గాదు’ ఎవరిని ఓదార్చడానికి? రెండో పాదం మనకు, మూడోది ఎదుటివాడికి పంచితే పద్యం రెండు ముక్కలవుతుంది.

— ఆ పాదం ఎలాగూ వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మీ పుస్తకాల్లో ‘కొదువ’ ఉందా, ‘కొదవ’ ఉందా? 1829లో బ్రౌన్ అచ్చువేసిన వేమన పద్యాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఈ పద్యం పేజీ ఫొటో పెట్టండి. ‘మ’నో ‘న’నో కూడా అందులోనే చూద్దాం.

— ఫొటో వచ్చేదాకా ‘మను’ వాదం కొట్టేయకండి. కొమ్ముకు జవాబు రాస్తున్నాను.