గోల్డ్ టైర్‌లో దాక్కున్న ఏస్ ప్లేయర్లు: మోసమా, తెలివా?

గోల్డ్‌లోనే_ఉన్నా:
మొన్న ఆదివారం మా కాలేజీ ఫెస్ట్‌లో మొబైల్ గేమ్ టోర్నీ పెట్టారు. గేమ్ పేరు, కాలేజీ పేరు చెప్పను, నా గొడవ వాటితో కాదు. రూల్ ఒక్కటే: స్క్వాడ్‌లో (జట్టులో) నలుగురూ గోల్డ్ టైర్ గానీ అంతకన్నా కింద గానీ ఉండాలి. టైర్ అంటే ర్యాంకు మెట్టు: గోల్డ్ కిందివైపు, ప్లాటినం దాని పైన, ఏస్ బాగా పైన. కొత్తవాళ్ళకి ఛాన్స్ ఇద్దామని పెట్టారు. ఎంట్రీ ఫీజు లేదు. గెలిస్తే ఒక షీల్డు, తలా ఒక జత ఇయర్‌ఫోన్స్.

ఫైనల్లో మా ఎదురు బెంచీలో కూర్చున్నవాణ్ణి చూడగానే నాకు అనుమానం వచ్చింది. రెండు బొటనవేళ్ళకీ స్లీవ్స్ (గుడ్డ తొడుగులు) తొడుక్కున్నాడు. చూపుడు వేళ్ళు రెండూ ఫోను పైఅంచు మీద తేలు కొండీల్లా లేచి ఉన్నాయి. నాలుగు వేళ్ళతో ఆడే క్లా పట్టు! గోల్డ్ వాడికి అంత సరంజామా ఎందుకు? మేం కొండ మీద రాయి వెనకాల దాక్కున్నాం. వాడు గన్ను మీది సిక్స్ ఎక్స్ (ఆరు రెట్లు దగ్గరగా చూపే) స్కోపుని త్రీ ఎక్స్‌కి తగ్గించుకుని, ఎక్కడో రోడ్డు అవతల నుంచి ఆపకుండా కాల్చి ఒకే స్ప్రేలో మావాళ్ళిద్దరినీ పడగొట్టాడు. గన్ను పిసరంత కూడా పైకి లేవలేదు. స్మోక్ వేసి వాళ్ళని మళ్ళీ లేపుదామనుకునేలోపే మా కాళ్ళ దగ్గర గ్రెనేడ్ పడింది.

కావాలని ఓడిపోయి ర్యాంక్ దించుకుని చిన్నవాళ్ళ మీదికి రావడాన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు. నా లెక్కలో హ్యాక్ వాడటానికీ దీనికీ తేడా లేదు. మీరేమంటారు?

పాత_క్లాన్_లీడర్:
తమ్ముడూ, ఆ పని చేసినవాణ్ణి నేను, చెప్తా విను. క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే మొబైల్ గేమ్‌లో క్లాన్ వార్స్ (జట్ల మధ్య యుద్ధాలు) 2014లో వచ్చాయి. ఎవరికి ఎవరితో వార్ పడాలో గేమే చూసుకునేది. ఒక్కో ఆటగాడు కట్టుకున్న ఊరికీ, అంటే బేస్‌కీ, లోపల ఒక బరువు లెక్క ఉండేది, అందులో డిఫెన్సులదే పెద్ద వాటా. అది తెలిశాక మేం టౌన్‌హాల్ పెంచాం, సైన్యాన్ని పెంచాం, హీరోలని పెంచాం, డిఫెన్సులు మాత్రం కట్టలేదు. కత్తి ఉంది, గోడ లేదు. పైగా వరస చివర్లో నాలుగైదు టౌన్‌హాల్ త్రీ ఐడీలు (బాగా కింది మెట్టు అకౌంట్లు) నిలబెట్టేవాళ్ళం, ఒకటి మా బావమరిదిది, మిగతావి నావే. మొత్తం బరువు దిగిపోయేది, మాకన్నా బక్క క్లాన్ దొరికేది. విన్ స్ట్రీక్ చూసుకుని మురిసిపోయేవాళ్ళం.

మోసం అంటే మాత్రం ఒప్పుకోను. గేమ్ ఇచ్చిన బటన్లే నొక్కాం. ఏది కట్టాలో ఏది వద్దో నా ఇష్టం కదా. తప్పు ఆ లెక్కది. 2018 అక్టోబరులో వార్ లీగ్స్ వచ్చాయి. గెలిస్తూ పోతే పై లీగ్, ఓడితే కింది లీగ్. మా ఎత్తు అక్కడ పారలేదు.

గోల్డ్‌లోనే_ఉన్నా:
అన్నా, మరి అవతల ఓడినవాళ్ళ సంగతి?

పాత_క్లాన్_లీడర్:
అప్పుడు పట్టించుకోలేదు. ఒక్క వార్ మాత్రం గుర్తుంది. వాళ్ళలో అందరూ మొదటి గంటలోనే చేతులెత్తేశారు. ఒక్కడు మాత్రం చివర్లో వచ్చి తనకున్న రెండు అటాకులూ చేశాడు, రెండూ మా టౌన్‌హాల్ త్రీల మీదే. ఆరు స్టార్లు తీసుకుని వెళ్ళిపోయాడు.

గిత్తల_బ్యాచ్:
మా వైపు బండలాగుడు పోటీల్లో ఎడ్లని పళ్ళని బట్టి విడదీస్తారు. పాలపళ్ళ జతలు వేరు. రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి వేరు. ఆపైన సీనియర్లు. అనుమానం వస్తే నోరు తెరిచి చూస్తారు. ఎద్దుల ఆసామి ఎంత గడుసువాడైనా పన్ను దాచలేడు. మీ ర్యాంకు అలా కాదు, ఆటగాడి చేతిలోనే ఉంటుంది. నాలుగు రోజులు దిగిన చోటే నిలబడి చస్తే చాలు, అదే పడిపోతుంది. పడేసుకోగలిగిన దాన్ని కొలతగా పెట్టి, పడేసుకున్నాడని ఏడిస్తే ఏం లాభం? ఇప్పటిదాకా ఎంత పైకి వెళ్ళాడో అది చూడండి. వచ్చిన పన్ను మళ్ళీ చిగుళ్ళలోకి పోదు.

చెస్_నాన్న:
గిత్తలాయన చెప్పిందే అమెరికా చెస్ సమాఖ్య యూఎస్ చెస్ వాళ్ళు ఎప్పుడో పెట్టారు. అక్కడ రేటింగ్‌కి (ఆట బలాన్ని చెప్పే అంకెకి) ఫ్లోర్, అంటే అంతకన్నా దిగని హద్దు, ఉంటుంది. జీవితంలో తెచ్చుకున్న గరిష్ఠ రేటింగ్‌లోంచి 200 తీసేసి, కిందనున్న వందకి సరిచేస్తారు. 1941 దాకా వెళ్ళినవాడు ఎన్ని ఆటలు ఓడినా 1700 దిగడు. రేటింగులు కట్టే ఎలో లెక్కలో 200 తేడా ఉంటే పైవాడికి వందకి 76 పాయింట్లు రావాలి, 400 ఉంటే 91. కాబట్టి అంత దించుకుని కింది కేటగిరీలో ఆడేవాడికి ప్రైజు చేతిలో పెట్టినట్టే.

కానీ గోల్డ్ బాబూ, ఒకటి అడుగుతా. మా అమ్మాయికి పదకొండేళ్ళు. బిలో 1600 టోర్నీలో వరసగా ఐదు గేములు గెలిచింది. ఐదోది ఓడిన పెద్దాయన బోర్డు దగ్గర నుంచి తిన్నగా నా దగ్గరికొచ్చి, "పిల్ల రేటింగ్ కావాలనే దాచారా?" అని అడిగారు. దాచేదేముంది? ఏడాదిపాటు ఇంట్లో రోజుకి మూడు గంటలు కూర్చుంది, రేటెడ్ టోర్నీలకి మాత్రం పెద్దగా వెళ్ళలేదు. పిల్లల ఆట ముందు పరిగెడుతుంది, రేటింగ్ వెనకాల నడుచుకుంటూ వస్తుంది. కింది రేటింగులు బాగా కుంగిపోయాయనే అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే కూడా 2024 మార్చిలో 2000 లోపు వాళ్ళకి ఒకేసారి పెంచింది. నువ్వు అతని స్లీవ్స్ చూశావు, స్ప్రే చూశావు. కావాలని ఓడిపోవడం చూశావా?

షటిల్_పిచ్చి:
లీడర్ అన్న లాజిక్ నాకు నచ్చలేదు. 2012 లండన్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ మహిళల డబుల్స్ గుర్తుందా? తర్వాతి రౌండులో సులువైన జోడీ తగలాలని గ్రూపు మ్యాచ్ ఓడటానికి పోటీపడ్డారు. సర్వీసులు నెట్‌లోకే. ఒక మ్యాచ్‌లో అన్నిటికన్నా పెద్ద ర్యాలీ నాలుగు షాట్లు! "డ్రా అలా ఉంది, మేమేం చేస్తాం" అనే వాదన అక్కడ చెల్లలేదు. ఎనిమిది మందినీ పంపించేశారు. 2016కి డ్రా పద్ధతినీ మార్చారు. ఆటగాళ్ళని వదల్లేదు, లెక్కనీ వదల్లేదు.

అదే ఒలింపిక్స్‌లో మన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప ఒక్క పాయింటు తేడాతో క్వార్టర్స్‌కి దూరమయ్యారు. వాళ్ళ గ్రూపులో జపాన్ జోడీ ఓడిన మ్యాచ్ మీద భారత్ ఫిర్యాదు చేస్తే కొట్టేశారు. నెట్‌లోకి సర్వీస్ కొడితే హాలంతా చూస్తుంది. కాస్త తగ్గించి ఆడితే ఎవడు తేలుస్తాడు?

లాబీలో_బాట్:
మీరంతా ప్లేయర్ల మీద పడుతున్నారు. ఆటగాళ్ళ చేత ఎక్కువ కొనిపించేలా మ్యాచ్‌మేకింగ్ (ఎవరికి ఎవరు తగలాలో తేల్చడం) చేసే పద్ధతికి గేమ్ కంపెనీ యాక్టివిజన్‌కి 2017లో పేటెంట్ వచ్చింది. ఏ గేమ్‌లోనూ వాడలేదని అప్పుడు చెప్పారులెండి. నా అనుమానం నాది.

పాత_క్లాన్_లీడర్:
బ్రో, టాపిక్ మార్చకు. వీళ్ళది కాలేజీ హాల్లో కస్టమ్ రూమ్ (ఎవరు ఆడాలో మనమే పిలుచుకునే మ్యాచ్). అక్కడ మ్యాచ్‌మేకింగ్ చేసింది నోటీసు బోర్డు.

ఎదురు_బెంచీ:
ఆ స్లీవ్స్ నావే. ఫ్రెండ్ లింక్ పంపాడు, మొత్తం చదివాను. కావాలని ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, మీ ఇష్టం వచ్చిన ఒట్టు వేస్తా. పోయినేడు ఎంసెట్ అని మా నాన్న ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాడు. మూడు సీజన్లు ఆడలేదు, ప్రతి సీజన్ రీసెట్‌కీ టైర్ దిగుతూ వచ్చింది. ఫెస్ట్‌కి నెల ముందు ఐడీ తెరిస్తే గోల్డ్ చూపించింది. రూల్‌లో "ప్రస్తుత టైర్" అని ఉంది. చెస్ అంకుల్ ఒక్కరే సరిగ్గా ఆలోచించారు.

గోల్డ్‌లోనే_ఉన్నా:
బీరువాకి ముందు ఏ టైర్?

ఎదురు_బెంచీ:
ఏస్.

గోల్డ్‌లోనే_ఉన్నా:
మరి ఆ నెలంతా ర్యాంక్ మ్యాచులు ఆడితే ప్లాటినం ఈజీగా దాటేవాడివి కదా. చేతులు చూస్తే ప్రాక్టీస్ వదలనట్టే ఉంది. ఎక్కడ ఆడావు?

ఎదురు_బెంచీ:
ట్రైనింగ్ గ్రౌండ్‌లో, ఫ్రెండ్స్‌తో కస్టమ్ రూముల్లో. టోర్నీ అయ్యాక ర్యాంక్ పుష్ చేద్దాంలే అనుకున్నా.

పాత_క్లాన్_లీడర్:
డిఫెన్సులు కట్టకుండా వదిలేయడం అంటే ఇదే తమ్ముడూ. 2016లో మా క్లాన్‌లో ఉండాల్సినవాడివి.

చెస్_నాన్న:
నేను వెనకేసుకొచ్చింది మా అమ్మాయిని బాబూ, నిన్ను కాదు.

గోల్డ్‌లోనే_ఉన్నా:
ఇయర్‌ఫోన్స్ ఎలా ఉన్నాయి?

ఎదురు_బెంచీ:
ఎడమ చెవిది పలకట్లేదు.