ఎండగట్టిన చెరువులో మళ్ళీ సక్కర్ చేప, ఎందుకు?

ప్రశ్న: ఆకివీడు దగ్గర బొచ్చె, శీలావతి చెరువండీ. కాలువ నీళ్ళతో సక్కర్ చేప (దెయ్యం చేప) దిగింది. ఎండగట్టినా మళ్ళీ కనబడుతోంది. ఏం చెయ్యాలి?

జవాబు 1: నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే అది పైకొచ్చి గాలి మింగి, పొట్ట గోడలతోనే ఆక్సిజన్ పీల్చుకుంటుందండీ. అందుకే తడి బురదలో గంటల తరబడి బతుకుతుంది. గట్టు వాలులో మూడడుగుల దాకా బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది, మగది కాపలా ఉంటుంది. అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండనివ్వండి. ఒక్క బొరియ కూడా వదలకుండా తవ్వి, చేపని తీసి, సున్నం చల్లి మట్టి కూరండి. గట్టు జారేది కూడా ఈ బొరియల వల్లే.

జవాబు 2: తూముకి సన్నకన్ను వల సంచి రెండు పొరలు కట్టండి. చెత్త నిండితే చినిగిపోతుంది, రోజూ దులపాలి. రెక్క ముళ్ళు వలకి చిక్కుకుంటాయి, చేతులకి గ్లౌజులు తప్పనిసరి. పట్టినవి కాలువలో వెయ్యొద్దు, దయచేసి పూడ్చేయండి.